పరీక్ష ఎవరి బాధ్యత? : డెబియన్ ప్యాకేజీల చరిత్ర

1

సంక్రాంతి సెలవులకు మా పూర్వ విద్యార్థి ఒకతను మా యింటికి వచ్చాడు. బెంగుళూరులో వుద్యోగం చేస్తున్నాడు. సాయంకాలాలు, ఆదివారాలు మాత్రం జీతం భత్యం లేకుండా ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ బాగోగులు చూస్తుంటాడు. ఆ రోజు అతని ముఖం కళ తప్పివుంది. ఏమిటని అడిగితే, "మాస్టారూ, నా ప్యాకేజీ ఆపేశారు. నా దాంట్లో తప్పేమీ లేదు. దాని మీద ఆధారపడ్డ ఇంకెవరిదో ప్యాకేజీ పరీక్ష తప్పిందట, అందుకని నాది ఆగిపోయింది. వూరికే చేసే చాకిరీకి కూడా ఇన్ని పరీక్షలా?" అన్నాడు.

నేను తెలుగు ఎం.ఏ. చదివి బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. యంత్రవిద్య నాకు రాదు. అయినా అతని ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అది మన ప్రశ్న కూడా. స్వచ్ఛందంగా, సమష్టిగా చేసే పనిలో నాణ్యతకు జవాబుదారీ ఎవరు? సాహిత్య సంఘాలు నడిపేవాళ్ళు, సంకలనాలు తెచ్చేవాళ్ళు, పత్రికలకు సంపాదకత్వం వహించేవాళ్ళు రోజూ ఎదుర్కొనే ప్రశ్నే ఇది. కాబట్టి అతని చేత చెప్పించుకుని, దొరికిన కాగితాలన్నీ చదివి, ఆ రంగంలో ఈ ప్రశ్నకు ఏ జవాబులు ఏ క్రమంలో వచ్చాయో తెలుసుకునే ప్రయత్నం చేశాను. ఈ వ్యాసం ఆ ప్రయత్న ఫలితం.

ఈ విషయంలో రెండు వాదాలు ప్రచారంలో వున్నాయి. యజమాని, జీతం, పై అధికారి లేనిచోట నాణ్యత వుండదనీ, ఉచితంగా వచ్చే సరుకుకు పూచీ ఎవరుంటారనీ మొదటి వాదం. ఇది మార్కెట్ వాదం. స్వచ్ఛందంగా శ్రమ ఇచ్చేవాణ్ణి నియమాలతో బంధించకూడదనీ, పరీక్ష పెట్టటమంటే అనుమానించటమేననీ రెండవ వాదం. ఇది మన వాళ్ళలోనే కొందరు చేసే వాదం. డెబియన్ అనే సంస్థ చరిత్రను జాగ్రత్తగా చూస్తే ఈ రెండు వాదాలూ నిలబడవని నా అభిప్రాయం.

2

ముందు నేపథ్యం. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. ప్రోగ్రాంను ఏ పనికైనా వాడుకోవటం, దాని సోర్స్ కోడ్‌ను చదివి మార్చుకోవటం, నలుగురికీ పంచటం, మార్చిన రూపాన్ని కూడా పంచటం - ఈ నాలుగూ వాడేవాడి హక్కులని ఆ వుద్యమం ప్రతిపాదించింది. 1991లో ఫిన్లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే మూల వ్యవస్థను విడుదల చేశాడు. 1992లో అదీ ఈ లైసెన్సు కిందికే వచ్చింది. వీటికి తోడు ప్రపంచం నలుమూలలా ఎవరెవరో రాసిన వందలాది ప్రోగ్రాములు వచ్చి చేరాయి.

అయితే వేర్వేరు చేతులు రాసినవి వున్నంత మాత్రాన అవి ఒక వ్యవస్థ కావు. వాటిని ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేట్టు చేసి, సామాన్యుడు తన యంత్రంలో పెట్టుకోగల రూపంలో అందించాలి. ఇలా అందించే సంపుటాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993 ఆగస్టు 16న ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇరవై ఏళ్ళ ఇయాన్ మర్డాక్ అలాంటి సంపుటాన్నొకదాన్ని ప్రకటించాడు. డెబ్రా అన్న స్నేహితురాలి పేరూ తన పేరూ కలిపి దానికి డెబియన్ అని పేరు పెట్టాడు. మొదట బాగానే మొదలైన డిస్ట్రిబ్యూషన్లు కూడా కాలం గడిచేకొద్దీ నిర్వహణను రెండో స్థానానికి నెట్టేస్తున్నాయని అతని ఫిర్యాదు. కొత్తది తయారుచెయ్యటంలో వున్న మోజు, వున్నదాన్ని బాగుచేస్తూ వుండటంలో వుండదు. ఇది సాఫ్ట్‌వేర్‌కే పరిమితమైన జబ్బు కాదని మనకు తెలుసు.

దీనికి మర్డాక్ చూపిన మార్గం శ్రమ విభజన. సంపుటంలోని ఒక్కొక్క ప్రోగ్రాంను ఒక్కొక్క ప్యాకేజీగా కట్టి, ఒక్కో ప్యాకేజీకి ఒక మెయింటెయినర్‌ను పెట్టటం. ఇతన్ని మన మాటల్లో సంరక్షకుడు అందాం. సంరక్షకుడు ఆ ప్రోగ్రాం రచయిత కాదు. రచయితకూ వాడేవాడికీ నడుమ నిలబడేవాడు. అసలు రచయిత కొత్త రూపం విడుదల చేసినప్పుడు తెచ్చి, డెబియన్‌కు తగినట్టు సర్ది, ఏ ఇతర ప్యాకేజీలు వుంటే ఇది పనిచేస్తుందో రాసి, జనం చెప్పిన లోపాలు విని, చేతనైతే తానే సరిచేసి, ఆ సవరణను తిరిగి రచయితకు పంపుతాడు.

సాహిత్య విద్యార్థికి ఈ మనిషి కొత్తవాడు కాదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించిన పండితుడు సరిగ్గా ఇక్కడే నిలబడ్డాడు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులనూ లేఖకులనూ చేరదీసి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు పోల్చి చూపించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయంటే ఆ వెనక వున్నది ఇలాంటి శ్రమే. పరిష్కర్తకు రెండు భయాలు. లేఖక దోషాన్ని కవి మాట అనుకుని వదిలెయ్యటం ఒకటి. కవి మాటను లేఖక దోషం అనుకుని దిద్దెయ్యటం రెండవది. డెబియన్ చరిత్రలోనూ ఈ రెండు భయాలే వేషాలు మార్చుకుని వస్తూంటాయి.

3

డెబియన్‌లో మొదటి పాఠం ఒక ప్రమాదం నేర్పింది. 1995 చివర్లో, ఇంకా తయారీలో వున్న సంపుటాన్ని ఒక సి.డి.ల వ్యాపార సంస్థ పూర్తయిందనుకుని, 1.0 అనే అంకె వేసి అమ్మకానికి పెట్టింది. అది సరిగా పనిచేసే స్థితిలో లేదు. సర్వర్‌లో ఆ భాగానికి ముందుగానే 1.0 అని పేరు పెట్టుకోవటం వల్ల వచ్చిన చిక్కు అది. చివరకు ఆ అంకెనే వదులుకోవలసి వచ్చింది. 1996 జూన్‌లో 474 ప్యాకేజీలతో వచ్చిన విడుదలకు 1.1 అని పేరు పెట్టారు. అప్పటినుంచి తయారీలో వున్న సంపుటాన్ని అంకెతో కాక మారుపేరుతో పిలవటం ఆనవాయితీ అయింది. ఆ కాలంలో నాయకత్వం వహించిన బ్రూస్ పెరెన్స్ పిక్సార్ చలనచిత్ర సంస్థలో పనిచేసేవాడు. అందుకని ఆ మారుపేర్లన్నీ 'టాయ్ స్టోరీ' చిత్రంలోని పాత్రలవి. ఎప్పటికీ విడుదల కాకుండా, ఎప్పుడూ మారుతూ వుండే భాగానికి సిడ్ అని పేరు. ఆ చిత్రంలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లవాడి పేరది.

ఇందులో నవ్వుకునేదే కాక నేర్చుకునేదీ వుంది. రాత ప్రతి వేరు, అచ్చు ప్రతి వేరు. ఏది ఏదో చూసేవాడికి తెలిసేట్టు చెప్పటమే పరీక్షకు మొదటి మెట్టు.

రెండవ మెట్టు నియమావళి. 1996లో ఇయాన్ జాక్సన్ మొదలైనవారు రూపొందించిన విధాన గ్రంథం, ప్యాకేజీ ఎలా వుండాలో అంశాలవారీగా చెప్పింది. అందులోని క్రియారూపాలు గమనించదగ్గవి. కొన్ని నియమాలు 'తప్పక' అంటాయి, కొన్ని 'చెయ్యాలి' అంటాయి, కొన్ని 'చెయ్యవచ్చు' అంటాయి. 'తప్పక' అన్నదాన్ని వుల్లంఘిస్తే ఆ ప్యాకేజీ విడుదలకు అర్హం కాదు. తక్కినవి సలహా స్థాయిలోవి. దేనికి తలవంచాలో, దేన్ని చర్చించవచ్చో ముందుగానే రాసిపెట్టటం వల్ల వ్యక్తుల ఇష్టాయిష్టాలకు చోటు తగ్గింది. 1998లో లింటియన్ అనే పనిముట్టు వచ్చి, ఈ నియమాలలో యంత్రం చూడగలిగినవాటిని తానే చూసి తప్పులు రాసివ్వటం మొదలుపెట్టింది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, 1997 జూలైలో ఆమోదించిన సామాజిక ఒడంబడిక. సమస్యలను దాచిపెట్టం అన్న హామీ అందులో ఒక అంశం. ఏ ప్యాకేజీలో ఏ లోపం వున్నా ఎవరైనా రాయవచ్చు, అందరూ చదవవచ్చు. లోపాలకు తీవ్రతనుబట్టి తరగతులు వున్నాయి. పై మూడు తరగతుల లోపం వున్న ప్యాకేజీ విడుదల కాకూడదు. మార్కెట్ వాదం ఇక్కడే దెబ్బతింటుంది. సరుకు అమ్ముకోవలసిన కంపెనీకి లోపాన్ని దాచటంలో లాభం వుంది. ఇక్కడ అమ్మేవాడు లేడు. కాబట్టి తప్పుల పట్టికను వీధి అరుగు మీద పెట్టటం సాధ్యమైంది.

4

ప్యాకేజీలు వేలల్లోకి పెరిగేసరికి కొత్త వైరుధ్యం తలెత్తింది. అప్పటిదాకా రెండే భాగాలు వుండేవి: విడుదలైన స్టేబుల్, నిత్యం మారే అన్‌స్టేబుల్. విడుదలకు సిద్ధపడాలంటే అన్‌స్టేబుల్‌లో అందరూ మార్పులు ఆపి, వున్న తప్పులు దిద్దుకుంటూ కూర్చోవాలి. నెలలు పట్టేది. ఆలోగా ప్రోగ్రాములు పాతబడేవి.

2000 సంవత్సరంలో ఆంథొనీ టౌన్స్ దీనికి పరిష్కారంగా నడుమ మూడో భాగాన్ని పెట్టాడు. దాని పేరే టెస్టింగ్. అన్‌స్టేబుల్‌లోకి వచ్చిన ప్యాకేజీ కొన్ని షరతులు తీరితే తనంతట తానే టెస్టింగ్‌లోకి పోతుంది. ఆ షరతులు ఇవి. మార్పు తొందరనుబట్టి 10 రోజులో, 5 రోజులో, 2 రోజులో అన్‌స్టేబుల్‌లో నిలవాలి. డెబియన్ పనిచేసే రకరకాల యంత్రాలన్నిటి మీదా తయారై వుండాలి. అప్పటికే టెస్టింగ్‌లో వున్న పాత రూపంకంటే ఎక్కువ తీవ్ర దోషాలు వుండకూడదు. తనకు కావలసిన ప్యాకేజీలు అక్కడ దొరకాలి. తాను పోవటం వల్ల అక్కడున్న ఇతర ప్యాకేజీలు చెడిపోకూడదు.

ఈ షరతులను చూసే ప్రోగ్రాంకు బ్రిట్నీ అని పేరు. అది సంరక్షకుడి పేరు ప్రతిష్ఠలు చూడదు. పదేళ్ళుగా పనిచేస్తున్నవాడికీ నిన్న చేరినవాడికీ ఒకటే కొలత. మన సంఘాలలో పెద్దపేరు వున్నవారి రచనను చదవకుండా అచ్చుకు పంపటం, కొత్తవాడి రచనను చదవకుండా పక్కన పెట్టటం తెలిసినవారికి ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ పద్ధతి వెంటనే అన్నీ చక్కబెట్టలేదు. 2002 జూలైలో ఒక విడుదల వచ్చాక తరువాతిది రావటానికి 2005 జూన్ దాకా, దాదాపు మూడేళ్ళు పట్టింది. సిద్ధమైనప్పుడే విడుదల అన్న సూత్రానికి చెల్లించిన మూల్యం అది. ఆ ఆలస్యంలో విసిగి వెళ్ళినవాళ్ళు వున్నారు. ఆ తరువాత ఇంచుమించు రెండేళ్ళకొక విడుదల అన్న లయ కుదిరింది. పరీక్ష కఠినమైతే మంచిదే అనుకోవటం ఎంత తేలికో, ఆ కాఠిన్యం వల్ల వాడేవాడికి అసలేమీ అందకుండా పోవచ్చునని గుర్తించటం అంత కష్టం.

పైగా ఈ షరతులలో ఒక పెద్ద లోటు వుంది. ఈ రోజుల గడువంతా ఒక్క వూహ మీద నిలబడింది. అన్‌స్టేబుల్‌లో వాడేవాళ్ళు చాలామంది వున్నారు, తప్పు వుంటే ఎవరో ఒకరు చూసి రాస్తారు అని. ఎవరూ చూడకపోతే? పది రోజులు ఎవరూ నోరెత్తలేదన్నది ప్యాకేజీ బాగుందనటానికి సాక్ష్యం అవుతుందా? దీనికి జవాబు 2008లో వచ్చింది.

5

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అన్నది రహస్య సంకేతాలు తయారుచేసే ప్రోగ్రాముల సంపుటి. కంప్యూటర్ల మధ్య నడిచే సమాచారాన్ని పరాయివాడు చదవకుండా కాపాడే తాళంచెవులు దాని సాయంతోనే తయారవుతాయి. తాళంచెవిని ఎవరూ వూహించకూడదు కాబట్టి, దాని తయారీలో యాదృచ్ఛికమైన విలువలు కలపాలి.

2006లో డెబియన్‌లో ఆ ప్యాకేజీని చూస్తున్న సంరక్షకుడికి ఒక ఫిర్యాదు వచ్చింది. వాల్‌గ్రైండ్ అనే తనిఖీ పనిముట్టు ఆ ప్రోగ్రాం మీద పదే పదే హెచ్చరిక ఇస్తోంది. విలువ పెట్టని జ్ఞాపక స్థలాన్ని చదువుతున్నారని దాని ఆరోపణ. హెచ్చరికకు కారణమైన పంక్తులు రెండు. ఒకే ఫైలులో రెండు చోట్ల, అక్షరం పొల్లు పోకుండా ఒకేలా వున్నాయి. సంరక్షకుడు వాటిని తీసెయ్యవచ్చునా అని అసలు రచయితల చర్చా వేదికలో అడిగాడు. అభ్యంతరం రాలేదు. తీసేశాడు. హెచ్చరిక ఆగిపోయింది.

ఆ రెండింటిలో ఒకటి తీసినా ప్రమాదం లేదు. రెండవది యాదృచ్ఛిక విలువలను లోపలికి చేర్చే ముఖద్వారం. అది పోయాక మిగిలింది ప్రోగ్రాంకు యంత్రం ఇచ్చే వరుస సంఖ్య ఒక్కటే. అది సుమారు 32 వేలు దాటదు. అంటే ఒక్కో రకం యంత్రంలో, ఒక్కో పొడవుకు, పుట్టగల తాళంచెవులు కేవలం 32 వేల చిల్లర. మామూలు కంప్యూటర్ ఒకటి వాటినన్నిటినీ ముందే తయారుచేసి పెట్టుకోగలదు. 2006 సెప్టెంబరులో అన్‌స్టేబుల్‌లోకి వెళ్ళిన ఈ మార్పు టెస్టింగ్ దాటి, 2007 ఏప్రిల్‌లో స్టేబుల్ విడుదలలోకి చేరింది. డెబియన్ మీద ఆధారపడిన ఉబుంటులోకీ పోయింది. లూసియానో బెల్లో అనే డెబియన్ సభ్యుడు కనిపెట్టగా, 2008 మే 13న లోకానికి ప్రకటించారు. అప్పటిదాకా తయారైన తాళంచెవులన్నీ పారేసి కొత్తవి చేసుకోవలసి వచ్చింది.

ఇక్కడ మనం గుర్తించవలసిన విషయం ఒకటుంది. ఆ ఇరవై నెలలూ ప్రోగ్రాం నడిచింది. తాళంచెవులు పుట్టాయి, తాళాలు పడ్డాయి, తీశాయి. నడుస్తోందా లేదా అని చూసే ఏ పరీక్షకూ ఈ దోషం చిక్కదు. అది అచ్చుతప్పులాంటిది కాదు. ఛందస్సు చెడకుండా, అన్వయం చెడకుండా, కావ్యం ప్రాణం మాత్రం పోయిన పాఠం లాంటిది.

ఆ సంరక్షకుణ్ణి తప్పుపట్టే అర్హత నాకు లేదు. పదిహేనేళ్ళ క్రితం నేనూ అలాంటి పని చేశాను. మా ప్రాంతపు నాట్ల పాటలు సేకరించి చిన్న పుస్తకం వేశాం. ఒక పాటలో ఒకే మాట రెండు పంక్తులలో వచ్చింది. రెండోసారి వచ్చింది రాసుకోవటంలో జరిగిన పొరపాటనుకున్నాను. ఇద్దరు పెద్దలను అడిగాను, వాళ్ళూ తలవూపారు. తీసేశాను. పాట చదవటానికి ఇంకా సాఫీగా వచ్చింది. పుస్తకం విడుదలైన రోజున ఆ పాట పాడిన ముసలమ్మ చదివించుకుని విని, "అది మా కాలవ పేరు నాయనా, అది తీసేస్తే ఈ పాట ఏ వూరిదో ఎట్టా తెలుస్తుంది?" అంది. మొదటి చోట అది వూతపదం, రెండవ చోట కాలవ పేరు. నేను పెద్దలను అడిగాను గాని పాడినవాళ్ళను అడగలేదు. కష్టంగా తోచిన పాఠాన్ని తేలిక చెయ్యటం లేఖకుల సహజ గుణమని క్లాసులో చెప్పే నేనే ఆ పని చేశాను.

6

ఆ తరువాతి కాలంలో డెబియన్‌లో పరీక్ష స్వభావమే మారింది. అప్పటికే పియూపార్ట్స్ అనే పనిముట్టు వుండేది. ప్యాకేజీని ఖాళీ వ్యవస్థలో పెట్టి, పాత రూపం నుంచి కొత్త రూపానికి మార్చి, చివరకు తీసేసి, వెనక చెత్త ఏమైనా మిగిలిందా అని చూస్తుంది. ఇప్పుడు ఆటోప్యాకేజీటెస్ట్ అనే పద్ధతి వ్యాపించింది. ఇందులో సంరక్షకుడు తన ప్యాకేజీతోపాటు దాని పరీక్షలు కూడా రాసి పెడతాడు. తయారీ సమయంలో కాదు, వాడేవాడి యంత్రంలో వున్నట్టే పూర్తిగా స్థాపించిన తరువాత ఆ పరీక్షలు నడుస్తాయి.

2018 నుంచి ఈ పరీక్షల ఫలితాలు టెస్టింగ్ ప్రవేశాన్ని ప్రభావితం చెయ్యసాగాయి. ఇప్పుడు నేను ఒక ప్యాకేజీ కొత్త రూపం పంపితే, నా పరీక్షలు మాత్రమే నడవవు. నా మీద ఆధారపడిన ఇరుగు పొరుగు ప్యాకేజీల పరీక్షలు కూడా నా కొత్త రూపంతో నడుస్తాయి. నిన్నటిదాకా నెగ్గిన పొరుగు పరీక్ష ఈ రోజు తప్పితే నా ప్రవేశం ఆగుతుంది. మా విద్యార్థి ఎదుర్కొన్నది ఇదే.

పైకి అన్యాయంగా కనిపించినా ఇందులో లోతైన న్యాయం వుంది. పాత పద్ధతిలో, వాడేవాడు నష్టపోయి ఫిర్యాదు చేసేదాకా ఆగాలి. అంటే పరీక్ష భారం వాడేవాడి మీద. ఈ పద్ధతిలో వాడేవాడు తన అవసరాన్ని పరీక్షగా రాసి ముందే చెబుతున్నాడు. మార్చేవాడు ఆ అవసరాన్ని వినకుండా ముందుకు పోలేడు. ముసలమ్మ మాట పుస్తకం విడుదలయ్యాక కాక అచ్చుకు పోయేముందే వినబడే ఏర్పాటు ఇది.

దీనికి వున్న అభ్యంతరాలు కూడా చెప్పాలి. పొరుగువాడి పరీక్షే తప్పుగా రాసి వుండవచ్చు. ఒకసారి నెగ్గి ఒకసారి తప్పే చంచలమైన పరీక్షలు వుంటాయి. వాటివల్ల నిర్దోషి ఆగిపోతాడు. పరీక్షలు రాసినవాడికి వాటిని కాపాడే పని అదనంగా మీద పడితే, అసలు రాయనివాడు హాయిగా వుంటాడు. దీన్ని కొంత సరిచెయ్యటానికి, పరీక్షలు నెగ్గిన ప్యాకేజీకి నిరీక్షణ తగ్గించే పద్ధతి కూడా పెట్టారు. శిక్షతోపాటు ప్రోత్సాహం వుండాలన్న గ్రహింపు అందులో వుంది.

2019లో మరో నిర్ణయం వచ్చింది. సంరక్షకుడు తన ఇంటి యంత్రంలో తయారుచేసి పంపిన రూపం టెస్టింగ్‌లోకి పోదు. అతను సోర్స్ మాత్రమే పంపాలి. తయారీ అందరికీ చెందిన యంత్రాల మీద జరగాలి. 2013 నుంచి నడుస్తున్న పునరుత్పాదక తయారీ అనే కృషి దీనికి తోడు. ఒకే సోర్స్ నుంచి ఎవరు తయారుచేసినా అక్షరాలా ఒకే ఫలితం రావాలన్నది దాని లక్ష్యం. నన్ను నమ్మండి అనే స్థితి నుంచి, మీరే చేసి చూసుకోండి అనే స్థితికి ఇది ప్రయాణం.

7

ఇన్ని కట్టుదిట్టాలు వున్నాక 2024 వచ్చింది.

ఎక్స్‌జెడ్ అన్నది ఫైళ్ళను కుదించే చిన్న ప్రోగ్రాం. ప్రపంచంలోని లినక్స్ యంత్రాలలో అత్యధిక భాగం దాన్ని వాడతాయి. దాన్ని ఏళ్ళ తరబడి చూసినవాడు ఒక్కడే మనిషి. తాను ఈ పని జీతం లేకుండా చేస్తున్నాననీ, మనసు ఆరోగ్యం బాగాలేదనీ ఆయన బహిరంగంగానే చెప్పుకున్నాడు. 2021 నుంచి జియా తాన్ అన్న పేరుతో ఒకరు సాయం చెయ్యటం మొదలుపెట్టారు. ఆ పేరు వెనక ఎవరున్నదీ బయటపడలేదు. 2022లో మరికొన్ని పేర్లతో, పని నెమ్మదిగా సాగుతోంది, వేరేవాళ్ళకు అప్పగించు అని ఆయన మీద ఒత్తిడి వచ్చింది. క్రమంగా ఆ సహాయకుడికి పూర్తి హక్కులు దక్కాయి.

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 రూపాలలో రహస్య ద్వారం వుంది. దాన్ని ఎక్కడ దాచారో చూడండి. పరీక్ష కోసమని పెట్టే ఫైళ్ళలో! పాడైపోయిన ఫైలు ఇస్తే ప్రోగ్రాం ఎలా ప్రవర్తిస్తుందో చూడటానికి అలాంటి అర్థంకాని ఫైళ్ళు పెట్టటం మామూలే. వాటిని ఎవరూ విప్పి చదవరు. వాటిలోని విషాన్ని బయటికి తీసే పంక్తులు బహిరంగ సోర్స్ భాండారంలో లేవు. విడుదల కట్టలో మాత్రమే వున్నాయి. దూరం నుంచి యంత్రాలలోకి ప్రవేశించటానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ దీని గురి. నిజానికి ఆ ప్రోగ్రాంకూ ఎక్స్‌జెడ్‌కూ నేరుగా సంబంధం లేదు. కొన్ని డిస్ట్రిబ్యూషన్ల వాళ్ళు తమ సౌకర్యం కోసం చేసిన మార్పు వల్ల నడుమ లంకె ఏర్పడింది. వాటిలో డెబియన్ కూడా వుంది. పరిష్కర్త చేసిన చేర్పే ప్రక్షిప్తానికి దారి ఇచ్చింది.

విషం అన్‌స్టేబుల్‌లోకి, టెస్టింగ్‌లోకి వచ్చింది. స్టేబుల్‌కు చేరలేదు. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని బయటపెట్టాడు. అతను మైక్రోసాఫ్ట్ వుద్యోగి, పోస్ట్‌గ్రెస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్మాతల్లో ఒకడు. తన డెబియన్ యంత్రంలో ప్రవేశానికి మామూలుకంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అంతకుముందు వాల్‌గ్రైండ్ ఇచ్చిన ఒక వింత హెచ్చరిక గుర్తుకు వచ్చింది. తీగ లాగితే డొంక కదిలింది.

2006లో వాల్‌గ్రైండ్ హెచ్చరించింది. దాన్ని ఆపటానికి పంక్తులు తీసేశారు. 2024లోనూ వాల్‌గ్రైండే హెచ్చరించింది. ఆ హెచ్చరికలు రాకుండా చెయ్యటానికే దుర్మార్గులు 5.6.1లో మార్పులు చేశారు. కాని ఈసారి ఒక మనిషి హెచ్చరిక ఎందుకు వచ్చిందని అడిగాడు. పనిముట్టు ఒకటే. దానికి మనం ఇచ్చే జవాబులో తేడా వుంది.

అయితే ఫ్రాయిండ్ శ్రద్ధను మెచ్చుకుని వూరుకుంటే మనం అసలు విషయాన్ని వదిలేసినట్టే. అక్కడ ఓడిపోయింది నియమావళి కాదు. అలసిపోయిన ఒక్క మనిషి. లక్షల కోట్ల వ్యాపారం చేసే సంస్థలు అతని శ్రమ మీద నడిచాయి. అతని భారం పంచుకోవటానికి ముందుకు వచ్చినవాడు దొంగ. ఉచిత శ్రమను వాడుకుని, ఆ శ్రామికుడి బాగోగులను పట్టించుకోని వ్యవస్థలో ఏ పరీక్షా పూర్తి రక్షణ ఇవ్వలేదు. సంరక్షకుడికి సంరక్షణ ఎవరన్న ప్రశ్నకు డెబియన్‌లో పాక్షికమైన జవాబులు వున్నాయి. జట్టుగా ప్యాకేజీ చూసుకోవటం, చూడలేనివాడు సిగ్గుపడకుండా దాన్ని అనాథగా ప్రకటించటం, అవసరమైతే మరొక సభ్యుడు చెయ్యివేసి సరిచెయ్యటం వాటిలో వున్నాయి. ఇవి కూడా పరీక్షా విధానంలో భాగాలేనని నేనంటాను.

8

474 ప్యాకేజీలతో మొదలైన ఆ సంపుటం 2025 ఆగస్టు విడుదల నాటికి దాదాపు 70 వేలకు చేరింది. పోతన, వేమన పేర్లు పెట్టుకున్న తెలుగు అక్షరరూపాలు కూడా అందులో ప్యాకేజీలుగా వున్నాయి. 2023 సెప్టెంబరులో ఆ సంస్థ వార్షిక సమావేశం కేరళలో, కొచ్చిలో జరిగింది. మనకు దూరపు విషయమని తోసిపుచ్చటానికి వీలులేదు.

యజమాని లేనిచోట నాణ్యత వుండదన్నవారికి ఈ ముప్పై ఏళ్ళ చరిత్రే జవాబు. నియమం స్వేచ్ఛకు శత్రువన్నవారికి కూడా ఇందులో జవాబు వుంది. ఇక్కడి ప్రతి నియమం ఒక దెబ్బ తగిలాక, అందరూ చర్చించి, అందరికీ కనబడేట్టు రాసుకున్నది. పైవాడు విధించినది కాదు.

మన సంఘాల ప్రచురణల సంగతి చూద్దాం. సమగ్ర రచనల సంపుటాలు పునర్ముద్రణ పొందినప్పుడల్లా పాత తప్పులు అలాగే వుండి కొత్తవి చేరుతున్నాయి. ఏ ప్రతిని ఆధారం చేసుకున్నారో చెప్పరు. ఏ మాట ఎందుకు మార్చారో చెప్పరు. తప్పు చూపినవాణ్ణి శత్రువుగా చూస్తారు. కనీసం మూడు పనులు మనం చెయ్యవచ్చు. ప్రతి సంపుటానికీ తప్పుల పట్టిక ఒకటి తెరిచి, ఎవరైనా రాసేట్టు, అందరూ చూసేట్టు వుంచటం. సంపాదకుడు చేసిన ప్రతి మార్పునూ కారణంతో సహా నమోదుచెయ్యటం. ఆ రచన ఎవరి బతుకు గురించో, ఎవరి నోటి నుంచి వచ్చిందో వారిలో ఒకరికి అచ్చుకు ముందే వినిపించటం. వీటికి డబ్బు అక్కరలేదు. అయితే ఇవన్నీ ఒక్క సంపాదకుడి నెత్తిన వేసి, అతను అలసిపోయాక తప్పుపట్టే అలవాటును మాత్రం ముందు మానుకోవాలి.

మా విద్యార్థి నెల తరువాత ఫోన్ చేశాడు. పొరుగు ప్యాకేజీ చూసే ఆవిడెవరో బ్రెజిల్‌లో వుంటుందట. ఇద్దరూ కూర్చుని చూసుకుంటే తప్పు ఇద్దరి వైపూ తేలింది. ఆమె పరీక్ష, ఇతను ఎన్నడూ హామీ ఇవ్వని ఒక ప్రవర్తన మీద ఆధారపడింది. ఇతను మార్చిన మరో సంగతి మాత్రం నిజంగానే పాతవాళ్ళ ఫైళ్ళను చెడగొట్టేదట. "ఆపకపోతే అది వెళ్ళిపోయేది మాస్టారూ" అన్నాడు. తన ప్యాకేజీకి కూడా రెండు పరీక్షలు రాసి పెట్టానన్నాడు.

మా నాట్ల పాటల పుస్తకం ప్రతులు ఇంకా నలభై దాకా నా దగ్గర వున్నాయి. ఆ కాలవ పేరు రాసిన చీటీలు వాటిలో అంటిస్తున్నాను.